పెరటి తలుపుకి కొత్త గడియ

రెండో వరద వచ్చి పోయిన ఏడు. రొట్టెల బట్టీ చల్లారిన మధ్యాహ్నం మొగుడు పిండి బల్ల తుడుస్తున్నాడు. పెళ్ళాం గుమ్మంలో కూర్చుంది.

"నేనడిగింది అది కాదు."

"మరేంటి?"

"పెరటి తలుపుకి కొత్త గడియ ఎందుకు కొట్టావు? అదీ నా చెయ్యి అందనంత ఎత్తున."

"పిల్లులు వస్తున్నాయి."

"గడియ తీసుకుని వస్తున్నాయా పిల్లులు? పైగా రేపట్నుంచి బట్టీ ముందు నా బదులు తను నిలబడుతుందని నీ తమ్ముడి పెళ్ళాం చెప్పింది. నువ్వే రమ్మన్నావట."

"నీకు కాస్త విశ్రాంతిగా ఉంటుందని."

"ఇరవై ఎనిమిదేళ్ళు లేని విశ్రాంతి ఇప్పుడెందుకు?"

"నిన్న పిండి సగంలో వదిలేసి పంపు కింద తల పెట్టావు. కొనేవాళ్ళు చూశారు."

"చూడనీ."

"బట్టీ వేడేమో అనుకున్నాను. మేస్త్రీని పిలిచి పొగగొట్టం ఎత్తు చేయించాను. బట్టీ వెలిగించని రోజు కూడా నీకు ఆ మంట వస్తోంది."

"వస్తోంది. ఛాతీలో మొదలై మొహం దాకా పాకుతుంది. చెమటతో తడిసిపోతాను. కాసేపటికి చలేస్తుంది. అంతే."

"అంతేనా."

"పొద్దున నర్సమ్మ దగ్గరికి పోయి సిగ్గు విడిచి చెప్పాను. నవ్వింది. ముట్టు ఆగే వయసులో చాలామందికి ఇంతేనట, జబ్బు కాదట. కొందరికి కొన్నాళ్ళు, కొందరికి కొన్నేళ్ళు ఉండి పోతుందట."

"మందిచ్చిందా?"

"నిద్రే లేకుండా చేస్తే డాక్టరమ్మకి చూపించమంది, మందులున్నాయట. ముందు పల్చటి నూలు బట్టలు కట్టుకోమంది. చల్లటి నీళ్ళు దగ్గర పెట్టుకోమంది. కాఫీయో కారమో, ఏది కడుపులో పడితే ఎక్కువవుతోందో చూసుకుని తగ్గించమంది. వచ్చినప్పుడు కంగారు పడకుండా ఊపిరి నెమ్మదిగా తీసి వదలమంది. గాలి తగిలే చోటికి పొమ్మంది."

"గాలి తగిలే చోటికి."

"నేను పెరట్లోకి పోయేది అందుకే. నువ్వేమో పిల్లులంటావు."

"పిల్లులు కాదు."

"తెలుసు."

"మీ అమ్మ బతికుండగా మన దగ్గరున్నప్పుడు ఆవిడకీ ఇలాగే మొదలైంది. పని మధ్యలో లేచి పోయేది. కాలవలో మెడ దాకా కూర్చునేది. ఆ పిచ్చే నీకూ దిగిందనుకున్నాను. నువ్వూ కాలవకి పోతావేమోనని."

"పిచ్చిదాన్ననుకుంటూ నెల రోజులు నా చేతి కూడు తిన్నావు."

"తిన్నాను."

"ఒక్క మాట అడగలేదు."

"ఏమని అడగను?"

"సరేలే. ఇది విను. బట్టీ ముందు నా చోటు నాకు కావాలి. ఒంట్లో మంట లేచినప్పుడు రొట్టెలు తీసే గరిట నువ్వు పట్టుకో. పెరట్లో కాసేపు నిలబడి వస్తాను. నీ మరదల్ని రావద్దని చెప్పు."

"చెప్తాను."

"నొచ్చుకుంటుందేమో."

"నొచ్చుకోనీ. మీ అమ్మకి అప్పుడెన్నేళ్ళే?"

"నా వయసే. యాభై నిండలేదు."

"ఆవిడ్ని వెనకగదిలో పెట్టి తలుపేసింది నేనే."

"తాళంచెవి నా కొంగుకే ఉండేది."

"రోజూ తలుపు కొట్టేది కదూ."

"కొట్టేది. కాసేపు తియ్యవే, చల్లగాలికి నిలబడి వచ్చేస్తానని బతిమాలేది. నేను ఇక్కడే పిండి పిసుకుతూ వినేదాన్ని."

"మూడో ఏడు కొట్టడం మానేసింది. పిచ్చి కుదిరిందనుకున్నాం."

"అనుకుని తాళం తీశాను. బయటికి రామ్మా అన్నాను. ఇప్పుడెందుకే, మంట పోయింది అంది."

మర్నాడు పొద్దున ఆయన తమ్ముడింటికి పోయి మరదల్ని రావద్దని చెప్పి వచ్చాడు. పెరటి తలుపు గడియ పీకేశాడు. ఎవరూ అడక్కుండానే వెనకగది తలుపు కూడా ఊడదీశాడు. ఆ గదిలో ఇప్పుడు పిండి బస్తాలే ఉన్నాయి.