మా బావ నాటకంలో నా పెనాల్టీ

రా, కూర్చో. ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు సరిగ్గా లేదు. ఇటు రా. ఏంటీ, ఆ నాటకం మళ్ళీ వేస్తున్నారా? మిల్లు క్యాంటీన్ హాల్లోనే? నీకేం వేషం ఇచ్చారు? నా వేషమా! హారి నీ దుంపతెగ, ఇందాకట్నుంచీ చెప్పవేం మరి? అయితే ముందు మా బావ సంగతి చెప్పాలి. మా అక్క మొగుడు. మిల్లులో బట్టకి రంగులద్దే తొట్ల దగ్గర పని. మోచేతుల దాకా నీలం. అన్నం తిన్నా ఆ చేతులే, పిల్లనెత్తుకున్నా ఆ చేతులే. రంగులు కలపడానికి కొలతల చీటీలుంటాయి చూడు, వాటి వెనకాల నాటకాలు రాసేవాడు. ఒకసారి చీటీలు తారుమారయ్యాయి. ఆకుపచ్చగా రావాల్సిన బట్ట ఊదారంగులో వచ్చింది, సూపర్‌వైజర్ చేతికి మొదటి అంకం వచ్చింది. తిడదామని నోరు తెరిచినవాడు, చదివి, గోడకి చేరబడి నవ్వాడట. మర్నాటినుంచీ బావకి రిహార్సలుకి వీలయ్యే షిఫ్టే వేశాడు.

ఊళ్ళో అందరూ బావని హాఫ్‌టైం అని పిలిచేవాళ్ళు. ఎందుకంటావా? ఫుట్‌బాల్ పిచ్చి. నాటకంలో పదకొండుమందే ఉండాలి, పక్కన ఒక సబ్‌స్టిట్యూట్. సగంలో ఈల వేయించి ఆపేవాడు. వేషగాళ్ళంతా స్టేజీ మీదే చతికిలబడి, నిమ్మచెక్కలు చప్పరిస్తూ ఒకళ్ళ నటన ఒకళ్ళు తిట్టుకునేవాళ్ళు. ఆ తిట్లకోసం జనం టీకి కూడా లేచేవాళ్ళు కాదు. రిఫరీ మా పోస్ట్‌మ్యాన్. సంచీ భుజానే ఉండేది, మూల నిలబడి, ఎవడైనా అతి చేశాడో, ఎర్రకార్డు! ఒకడు చచ్చిపోయే సీన్లో మూడుసార్లు కళ్ళు తెరిచాడని శవాన్ని బయటికి పంపించేశాడు.

ఆఁ, వస్తున్నా, నీ వేషం దగ్గరికే వస్తున్నా. పక్క ఊరితో ఫుట్‌బాల్ ఫైనల్, నాటకం కాదు, నిజం ఆటే. ఆఖరి నిమిషంలో పెనాల్టీ. నేనే కొట్టాలి. తన్నాను నాయనా. బంతి గోల్ బార్ మీంచి పోయి, పక్కనున్న లాండ్రీ రేకుల మీద ధడేల్‌మని పడింది. ఆ చప్పుడు ఊరంతా వినబడింది. సరే, ఆటన్నాక గెలుపూ ఓటమీ ఉంటాయి, నాలుగు రోజులకి మర్చిపోతారు కదా? మా బావ మర్చిపోనిస్తేనా! ఆర్నెల్లు తిరక్కుండా దానిమీదే నాటకం రాసిపారేశాడు. తెరవెనక రేకు పెట్టి ధడేల్‌మనిపించేవాడు. జనం కడుపుబ్బ నవ్వడం, నా పరువు బజారున పడడం. పోస్టుడబ్బాలో ఉత్తరం వేస్తుంటే వెనకనుంచి, "లోపలికే, లోపలికే!" అని అరిచేవాళ్ళు. ఒళ్ళు మండి బావ ఇంటికెళ్ళాను. "మార్చు బావా, ఒక్కసారి గోల్ అయినట్టు రాయి" అని అడిగాను. "ఒరే బామ్మర్దీ, నువ్వు గోల్ కొట్టుంటే ఆ సాయంత్రమే అందరం ఇళ్ళకి పోయి పడుకునేవాళ్ళం, ఇంక నాటకమేముందిరా?" అన్నాడు. ఇక ఆ హాలు గుమ్మం తొక్కనని ఒట్టేసుకున్నాను. తొక్కలేదంటే అబద్ధమే. మఫ్లర్ చుట్టుకుని చివరి వరసలో కూర్చునేవాణ్ణి. ప్రతి ఆటకీ వెళ్ళాను. ఏమో, ఒక్కసారైనా లోపలికి పోతుందేమోనని.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఏమయిందీ, నా వేషం వేసినవాడు కన్నీళ్ళు ఎక్కువ కార్చాడని పోస్ట్‌మ్యాన్ బయటికి పంపాడు. సబ్‌స్టిట్యూట్ వస్తూ వస్తూ మెట్టు తప్పి మడమ బెణికించుకున్నాడు. బావ గోల్‌కీపర్ వేషంలో ముందుకొచ్చి, "చివరి వరసలో మఫ్లర్ పెద్దమనిషీ, మాటలన్నీ వచ్చుగా, రా!" అన్నాడు. హాలంతా వెనక్కి తిరిగింది. అందరికీ ముందే తెలుసట! ఎక్కాను. బంతి పెట్టాను. మీదికి తన్నాలి, అదీ నాటకం. కానీ కాలు ఊరుకోలేదు. బావ ఎడమవైపు దూకాడు, బంతి కుడిమూల వలలో పడింది. హాలు లేచిపోయిందనుకో! ముసలాళ్ళు కుర్చీలెక్కారు. బావ మాత్రం మోకాళ్ళమీద లేచి, "రిఫరీ, అందరూ గీత లోపలే ఉన్నారు, చెల్లదు!" అన్నాడు. నిజమేనయ్యా, పెనాల్టీ కొట్టేప్పుడు మిగతావాళ్ళు గీత బయటుండాలి, కానీ స్టేజీ మొత్తం కలిపినా పెనాల్టీ గీతల్లో సగం రాదు, ఇంక బయటెక్కడ నిలబడతారు? పోస్ట్‌మ్యాన్ సంచీలోంచి రూల్స్ పుస్తకం తీసి, వేలు తడిచేసుకుని వెతికి, "మళ్ళీ కొట్టాలి" అన్నాడు.

బంతి పెడుతుంటే బావ దగ్గరికొచ్చి గొణిగాడు. "ఇది మీదికి పోతేనే రెండో భాగం. అందులో మీ అక్కకి ఒక్కటే సీను. నెల్లాళ్ళనుంచీ వంటింట్లో చదువుకుంటోంది. తర్వాత నీ ఇష్టం." పక్కకి చూశాను. అక్క, నాటకంలో నా తల్లి వేషంలో, చీపురు పట్టుకుని, పెదాలు కదుపుకుంటోంది. ఏం చెయ్యను? మీదికి తన్నాను. ధడేల్! తర్వాత అక్క వచ్చి చీపురు తిరగేసి నన్ను తిట్టిన తిట్టుకి, నా మీద నాకే నవ్వొచ్చింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

బావ నాటకం తిరగరాశాడు. ముందు గోల్ అవ్వాలి, చెల్లదనాలి, తర్వాత మీదికి పోవాలి. పదకొండేళ్ళు నేనే వేశాను. అంటే ఆటకొకసారి నా గోల్ పడేదన్నమాట! పెద్ద పట్నంవాళ్ళు కూడా పిలిచారు. మెత్తటి సీట్లు, పద్ధతైన చప్పట్లు. బావ మొహం మాడ్చుకుని, "ఒక్కడూ రిఫరీని తిట్టలేదురా, ఇంక నాటకమేం ఆడినట్టు?" అని తిరుగు బండిలో ఒకటే గొణుగుడు.

చివర్లో బావకి ఆయాసం పట్టుకుంది. వద్దన్నా వినలేదు, గోల్లో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మొదటిది వేశాను. రెండోదానికి బంతి పెడుతుంటే మెల్లిగా, "ఒరే, ఇది కూడా లోపలికే కొట్టు. ఓపిక లేదురా, ఇంటికి పోదాం" అన్నాడు. మొదటినుంచీ నేనడిగింది అదొక్కటే, ఆయనే ఇస్తున్నాడు. కానీ లోపలికి పోతే అక్కడితో అయిపోతుంది కదా నాటకం! అయిపోవడం నాకిష్టం లేకపోయింది. మీదికి తన్నాను. ఇంకో గంట ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. నవ్వాడులే. మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. కొట్టాల్సింది. ఇంటికి తీసుకుపోవాల్సింది.

...

సరేగానీ, ఆ వేషం బూట్లు ఇంకా దాచే ఉంచాను. నీ పాదం ఏ సైజు?