లోహాన్ని గట్టిగా నిలిపిన మా గొట్టాలక్క

1991 జులై పదిహేనవ తేదీన ఆమె మా ప్రయోగశాలలో సహాయ శాస్త్రవేత్తగా చేరారు. అప్పట్లో మందులకు కావలసిన రసాయనాలను పెద్ద పాత్రల్లో కాచి, చర్యను వేగిరపరచే ఉత్ప్రేరకంగా అందులో కలిపిన లోహపు పొడిని తీసివేయడానికి సగం రోజు వెచ్చించేవారు. "వండడం తక్కువ, వడకట్టడం ఎక్కువ" అని ఆమె నవ్వేవారు.

ఆ విసుగులోంచే ఆమె జీవితకృషి పుట్టింది. స్పంజిలా సూక్ష్మరంధ్రాలున్న పాలిమర్‌లో ఉత్ప్రేరకమైన పల్లాడియం లోహపు నానో కణాలను నిలిపి, దానిని సన్నని గొట్టంలో నింపారు. ఒక చివర నుంచి ద్రవాన్ని పంపితే, రెండో చివర ఉత్పత్తి ఎడతెగకుండా ప్రవహించేది. బల్ల నిండా గొట్టాలు అల్లుకున్నాక, చిన్నవాళ్ళకు ఆమె గొట్టాలక్క అయ్యారు.

ఆమె విభాగాధిపతి కావలసిన ఏడాది, ఆ గొట్టం మందుల కర్మాగారానికి బయలుదేరే ముందు రోజు, బయటికి వచ్చిన ద్రవాన్ని ఆమె విడిగా పట్టి వేడి చేశారు. ఉత్ప్రేరకమంతా గొట్టంలోనే ఉంటే చర్య ఆగిపోవాలి. ఆగలేదు.

"ముహూర్తం దాకా వచ్చాక జాతకాలు తీస్తారేంటమ్మా?" అని డైరెక్టరుగారు విసుక్కున్నారు.

"లోహం గోడ దూకి పారిపోతోంది సార్. రేపు రోగి ఒంట్లో తేలితే?"

"ఈ మాట పైకి వెళితే మీ ప్రమోషన్ అటకెక్కుతుంది."

"ఎక్కనివ్వండి. మందైతే బయటికి వెళ్ళకూడదు."

పదవి మరొకరికి దక్కింది. వారిని మొదట అభినందించినదీ ఆమే. ఆ సాయంత్రం తీసుకెళ్ళడానికి వచ్చిన ఆమె భర్త, ముఖం చూసి, చేతిలోని సంచి అందుకుని, "ఆకలేస్తోందా?" అన్నారు. అంతటి దయ ఉన్న ఇల్లు వెనుక ఉండబట్టే, మర్నాడు ఆమె పాలిమర్‌ను మొదటి నుంచి తయారుచేయడానికి కూర్చోగలిగారు.

లోహాన్ని గట్టిగా పట్టుకునేలా రంధ్రాల గోడల్లో నత్రజనిని అమర్చడానికి ఏళ్ళు పట్టింది. చివరికొకనాడు గొట్టం నుంచి వచ్చిన ద్రవాన్ని వేడిచేసి, అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. చర్య ముందుకు సాగలేదు. పరీక్షల్లో లోహం జాడ కూడా లేదు.

"ఏమీ జరగకపోతే ఇంత సంబరమా?" అన్నాడు కొత్తగా చేరిన పంపు మెకానిక్.

"ఏమీ జరగకూడదనే కదయ్యా ఇంత చాకిరీ!" అంటూ ఆమె కుర్చీలో కూలబడి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అటుపైన ఆ గొట్టం కర్మాగారానికి వెళ్ళింది, ఆమె విభాగాధిపతీ అయ్యారు.

ఆ మందు మింగి కుదుటపడేవారికి ఆమె ఎవరో తెలియదు. ఆమె పదవీ విరమణ చేస్తున్న ఈ రోజు, తెలిసిన మనమే వారందరి తరఫున కోరుకుందాం: పరాయివారి ఒంట్లో అక్కర్లేని ఒక్క రేణువైనా చేరకూడదని తన ఎదుగుదలను ఆపుకున్న ఆ చల్లని తల్లి, తన ఒంట ఏ నలతా చేరకుండా, భర్త తోడుగా, తొందరలేని ఉదయాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి.