మేడమీదికొచ్చిన ఆఫీసు

మేడమీద గుమ్మడి వడియాలు ఎత్తుతున్న నీలిమ, లాప్‌టాప్‌ని రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కి వస్తున్న అత్తగారిని చూసి హడలిపోయింది.

"అత్తయ్యా, దాన్నెందుకు తెచ్చారు?"

"మోగింది. పచ్చ బొత్తం నొక్కాను. మీ మేనేజరు ప్రసాద్ సాబట."

"అయ్యో! ఇంటినుంచి పనికి ఇవాళే మొదటిరోజు. దీన్లో వచ్చే ఆఫీసు ఫోన్లు ఎత్తకపోతే మళ్లీ రోజూ సిల్తారాలోని ఆఫీసుకి బస్సెక్కాల్సిందే అన్నారు!"

"నేనెత్తానుగా. వడియాలు తీస్తోంది, ఆగు బాబూ అన్నాను."

"వడియాలనా! మీటింగులో ఉందని చెప్పకపోయారా?"

"ఆ రోజుల్లో రైల్వే క్వార్టర్స్‌లో ఫోనున్నది మా ఇంట్లోనే. అందరికీ నేనే అందించేదాన్ని. ఎవరెక్కడుంటే అక్కడే ఉన్నారని చెప్పేదాన్ని."

"ఆయనేమన్నారు?"

"నవ్వాడు."

"ప్రసాద్ సార్ నవ్వడమా? రెండేళ్లలో ఆ మొహంలో నవ్వు చూస్తే ఒట్టు!"

"నా హిందీ వింటే ఎవరైనా నవ్వుతారే. కాసేపు విని, 'అమ్మా, తెలుగులోనే చెప్పండి, మాది బొబ్బిలి' అన్నాడు."

"బొబ్బిలా! బీహారాయన అనుకుని ఇన్నాళ్లూ హిందీలో కుస్తీ పడుతున్నానత్తయ్యా!"

"ఆయనా నిన్ను నాగపూర్ పిల్లవనుకున్నాడట."

"సరే, ఇంటినుంచి పని సంగతేం తేల్చారు?"

"నువ్వే అడుగు. అప్పట్లో మనిషిని ఫోను దగ్గరికి పిలిచేదాన్ని. దీనికి తీగ లేదుగా, ఫోన్నే నీ దగ్గరికి తెచ్చాను."

నీలిమ నాలిక్కరుచుకుంది. అప్పటికే లాప్‌టాప్‌లోంచి పెద్దగా నవ్వు వినిపిస్తోంది.

"నీలిమగారూ, హాయిగా ఇంటినుంచే చెయ్యండి. ఎప్పుడైనా ఆఫీసుకి రావాల్సొస్తే మాత్రం వట్టి చేతుల్తో రాకండి!"