ఎడమ బుగ్గ మీద చుక్క

మధ్యాహ్నపు ఎండలో దూరాన గొర్రెలు నేల మీదికి దిగిన మబ్బుల్లా కదులుతున్నాయి. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో, కూతురి అత్తవారి పాత ఇంటి వరండాలో, నాలుగు నెలల మనవణ్ణి ఒళ్ళో వేసుకుని ఊపుతున్న తల్లి, కూతురు తిరగేస్తున్న వంశచరిత్ర పుస్తకంలోకి తొంగిచూసింది.

“ఈ ఫోటోలో పసివాడెవరే?”

“మా ఆయన ముత్తాతకి తాత. పెద్దయ్యాక వేల గొర్రెలు మేపాడు, అసెంబ్లీకి కూడా గెలిచాడు.”

“ఎడమ బుగ్గ మీద ఆ నలుపేంటి?”

“బర్త్‌మార్కట. పెద్దయ్యాక దానంతటదే పోయిందని రాశారు.”

“పోకేం చేస్తుంది! అది దిష్టిచుక్కే పిచ్చిదానా.”

“దొరల బిడ్డకి దిష్టిచుక్కేంటమ్మా?”

“ఎత్తుకున్నావిడ్ని చూడు. ఆ చీరకట్టు, చేతి మీద పచ్చబొట్టు... మనవైపు మనిషే. పేరేంటి?”

కూతురు వేలు పెట్టి వెతికింది. “అందరి పేర్లూ ఉన్నాయి, కుక్క పేరుతో సహా. ఈవిడకి మాత్రం ‘మద్రాసు నుంచి వచ్చిన ఆయా’ అని, అంతే.”

వరండా చివర ఎవరో నిలబడి, బిడ్డని భుజాన వేసుకుని జోల పాడుతున్నట్టు అనిపించింది తల్లికి.

“సముద్రం దాటొచ్చి, ఎవరి బిడ్డకో దిష్టి తగలకూడదనుకుంది, చూడు.”

కూతురు కొడుకు బుగ్గ తడిమింది.

“అమ్మా, పొద్దున నువ్వు పెట్టిన చుక్క తుడిచేశాను కదా.”

“మీ అత్తగారు ఏమనుకుంటారో అన్నావుగా.”

“మళ్ళీ పెట్టు. ఫోటో తీస్తాను.”

“సరే, వీణ్ణి పట్టుకో మరి.”

“నువ్వే ఎత్తుకో. కింద నీ పేరు రాస్తాను.”