యాభయ్యోసారి చార్జి

1998 వేసవి. ఎల్లారెడ్డిలో తండ్రి నడిపే బ్యాటరీల దుకాణానికి హైదరాబాదు నుంచి తన పీహెచ్‌డీ ప్రొఫెసరే పరిశోధన రిపోర్టు పట్టుకొని రావడంతో ఆమె లేచి నిలబడింది.

“మన ల్యాబులో చేసిన సిలికాన్ బ్యాటరీ మామూలుదానికి మూడింతల చార్జి పట్టిందని రాశాను. సంతకం పెట్టమ్మా.”

“పదిసార్ల దాకనే రాసిన్రు సార్. నేను యాభైసార్లు చార్జి చేసి చూసిన. సిలికాన్ ఉబ్బి పగిలింది, మొదట్ల పట్టినదాంట్ల సగం కూడ పట్టలే.”

“అదంతా ఎవరడిగారు?”

“మా బాపు ట్రాక్టర్ బ్యాటరీని బాగుచేస్తే, వరుసగ మూడు పొద్దులు స్టార్టు చేసి చూడంది రైతుకియ్యడు. నేను ఆయన బిడ్డను.”

“పెట్టకపోతే నీ పీహెచ్‌డీ ఏమవుతుందో తెలుసా?”

“గీ దుకాణంల కూసుంట సార్. ఈడ పగిలిందాన్ని పగిలిందనే అంటరు.”

ఆమె కలం తీసి, రిపోర్టులోని పట్టిక చివర యాభయ్యోసారి పట్టిన చార్జి అంకె రాసింది. దాని కిందే సంతకం పెట్టింది.

“పెట్టిన సార్. ఇగ తీస్కపోండ్రి.”