పన్నెండు ఎలుకల్లో తొమ్మిది

ఏంటే, మొహం అలా వేలాడేసుకొచ్చావ్? నీ ప్రయోగం రెండోసారి చేస్తే రాలేదా రిజల్టు? దానికేనా అన్నం మానేసింది? ఇలా రా, కూర్చో. ఆ కుర్చీలో కాదు, దాని కాలు ఊగుతోంది, మీ నాన్న ఏడాదిగా రేపు రేపంటున్నాడు... సర్లే. నీకు మా 'మళ్ళీ సారు' సంగతి ఎప్పుడైనా చెప్పానా? నేను ల్యాబులో ఎలుకల గది చూసుకునేవాణ్ణి కదా, అప్పటి మా సారు. ఏం చేసినా "బాగుంది, మళ్ళీ చేద్దాం" అనేవారు, అందుకని ఆ పేరు పెట్టాం. ఎదురుగా కాదులే! టీ బాగుంటే చాలు, "మళ్ళీ పొయ్యి" అనేవారు. ఆయనకి ఒక్కతే చెల్లెలు. ఆ అమ్మాయికి కండరాలు కరిగిపోయే జబ్బు. పాతికేళ్ళకే మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేకపోయేది. ఆ జబ్బుకే ఈయన మందు వెతుకుతున్నారు.

అదే జబ్బున్న ఎలుకల్ని తిరిగే కర్ర మీద పెట్టేవాళ్ళం. నిమిషం దాటి పడకుండా ఉంటే బాగున్నట్టు లెక్క. స్టాప్‌వాచ్ నా చేతిలో ఉండేది. మందు వేసినవి పన్నెండు, వెయ్యనివి పన్నెండు. మందు వేసిన వాటిలో తొమ్మిది నిలబడ్డాయే! వెయ్యనివాటిలో మూడే. సారు గోడకి ఆనుకుని అలా కిందకి జారి కూర్చుండిపోయారు. తర్వాత పత్రికలో అచ్చయింది. ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు, మా బాబుకి, మా అమ్మాయికి ఆ మందు కావాలంటూ. చదువుతుంటే కళ్ళు మసకేసేవి.

ఏడాది తిరిగేసరికి వేరే ఊరి ల్యాబు వాళ్ళు రాశారు, మీరు చెప్పినట్టే చేశాం, మాకు రావట్లేదని. మా పెద్దాయన, అంటే డైరెక్టరు, ఒకటే కేకలు. "వాళ్ళకి చేతకాకపోతే మనమేం చేస్తామయ్యా? నువ్వు ఊరుకో!" సారు ఊరుకోలేదు. "మళ్ళీ చేద్దాం" అన్నారు. ఈసారి బోనుల మీద చీటీలన్నీ కాగితంతో కప్పేశారు. ఏది మందు వేసిందో నాకు తెలీదు. అప్పుడేమైందంటావ్? మందు వేసినవి ఐదు, వెయ్యనివి ఐదు. మళ్ళీ చేశాం. నాలుగు, ఆరు. ఐదుసార్లు చేశాం తల్లీ. ఏమీ లేదు.

ఆ రోజు నన్ను పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టారు. "మొదటిసారి ఏ బోను ఏదో నీకు తెలుసా?" తెలుసు సార్, అన్నాను. "ఎలుక జారి, ముందు కాళ్ళతో వేలాడుతుంటే ఏం చేసేవాడివి?" అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఏం చేసేవాణ్ణి? మందు వేసిందైతే, పట్టుకునుందిగా పాపం అని ఆగేవాణ్ణేమో. వెయ్యనిదైతే, అయిపోయిందని వాచీ నొక్కేసేవాణ్ణేమో. ఏమో! కావాలని చెయ్యలేదే, ఒట్టు. ఏడ్చేశాను. ఆయన నా భుజం మీద చెయ్యేశారు. "చీటీలు కప్పాల్సింది నేనయ్యా. అవి నిలబడాలని నాకూ ఉంది కదా" అన్నారు.

ఆ ఫలితం నమ్మకండి, పొరపాటు నాది అని ఆయనే పత్రికకి రాసేశారు. నా ఊసే ఎత్తలేదు. డైరెక్టరు ఆయన గది ఖాళీ చేయించాడు. పోయి ఎక్కడో బడిలో పిల్లలకి పాఠాలు చెప్పుకున్నారు. అయినా పోయేదాకా వెతుకుతూనే ఉన్నారట, వాచీ నొక్కిన నా బొటనవేలేనా, ఆ మొదటి సీసాలో మందే వేరా, లేక ఆ ఎలుకలే గట్టివా అని. తేల్లేదు.

ఆ అమ్మాయా, సారు చెల్లెలు? మరో రెండేళ్ళు ఉంది. చివర్లో చూడ్డానికి వెళ్ళాను. సారు పక్క గదిలో మాత్రలు నూరుతున్నారు. మంచం మీంచి నన్ను దగ్గరికి రమ్మన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది. మాట సరిగ్గా రావట్లేదు. "అన్నయ్య పొరపాటంటాడు. మీరు కళ్ళారా చూశారుగా... నిలబడ్డాయా?" అంది.

నిలబడ్డాయమ్మా, అన్నాను. తొమ్మిదీ నిలబడ్డాయన్నాను. నవ్వింది.

అబద్ధమో నిజమో నాకే తెలీదే. ఇప్పటికీ...

ఆ కిటికీ వెయ్యి, జల్లు లోపలికి కొడుతోంది.