లింగాలపాడు క్లబ్బు ఓడిన పందెం

పంతొమ్మిదొందల అరవై రెండు, ఎండాకాలం. ఎసోబు అని మా మాలపల్లెలో ఒకడుండేవాడు. ప్రెసిడెంటు వీరరాఘవయ్య గారింట్లో పాలేరు. పరిగెత్తాడంటే ఎద్దులు కూడా తెల్లబోయి చూసేవనుకో. మా లింగాలపాడులో వ్యాయామ క్లబ్బు పెట్టింది ఆ ప్రెసిడెంటు గారే. వరసగా రెండేళ్ళు జిల్లా రిలే పందెం షీల్డు మాదే. నలుగురు ఒకరి తర్వాత ఒకరు పరిగెత్తి కర్ర చేతులు మార్చాలి గదా, అందులో రెండోవాడు ఎసోబు, మూడోవాడు దూదేకుల మస్తాను, ఆఖరివాడు ప్రెసిడెంటు గారి కొడుకు పూర్ణయ్య. మస్తాన్ని మధ్యలో ఎందుకు పెట్టారంటే, ఎసోబు చేతి కర్ర నేరుగా పూర్ణయ్య చేతికి రాకూడదంట. మస్తాను చేతి మీదుగా వస్తే మైల పోద్దంట.

ఆ ఏడు ఏమైందంటే, గెలిచిన నలుగుర్నీ పోలీసులో తీసుకుంటామన్నారు. ఎసోబు పెళ్ళాంతో "ఇంక పాలేరుతనం పోద్దే" అన్నాడంట. "ముందు గెలిచి రా, తర్వాత టోపీ పెట్టుకుందువు గాని" అందంట ఆవిడ.

తీరా పందెం పొద్దున మస్తాను మడమ మెలిపడింది. బదులు దొరికినవాడికి అంత జోరు లేదని వాణ్ణి రెండోవాడిగా పెట్టి, వాడు వెనకబడ్డా అందుకుంటాడని ఎసోబుని మూడో చోటికి జరిపారు. ప్రెసిడెంటు గారు మొహం చిట్లించుకుని, ఈ ఒక్కసారికి కానీండిరా అన్నాడంట. ఎసోబు అందర్నీ వెనక్కి నెట్టి వచ్చేశాడు. పూర్ణయ్య చెయ్యి వెనక్కి చాపి "ఇవ్వరా, ఇవ్వరా" అంటన్నాడు. వీడు దగ్గరకొచ్చి, జానెడు పైనుంచి కర్ర వదిలేశాడు. అది పూర్ణయ్య వేళ్ళకి తగిలి, కిందపడి దొర్లింది. వెనకొచ్చినోడి కాలు తగిలి ఇంకాస్త దూరం పోయింది. పూర్ణయ్య దాన్ని ఏరుకునేసరికి మిగతావాళ్ళంతా వెళ్ళిపోయారు.

"చేతిలో పెట్టకుండా ఎందుకు వదిలావురా?" అని పూర్ణయ్య అడిగితే, "చెయ్యి తగుల్తదని, చినబాబూ" అన్నాడంట. అంతే మరి. పుట్టినకాడ్నించీ ఆ ఇంట్లో వీడు ఏదిచ్చినా పైనుంచి జారవిడవడమే, వాళ్ళు వీడికి ఏదేసినా అంతే. పరిగెత్తేవాడు కాళ్ళ సంగతి చూసుకుంటాడా, చేతుల అలవాటు చూసుకుంటాడా, మీరే చెప్పండి. పూర్ణయ్య వాడి చెంప మీద ఛెళ్ళున కొట్టాడు. కొట్టేటప్పుడు మాత్రం చెయ్యి తగిలినా ఫర్వాలేదంట.

మరుసటేడు నుంచి ఒకే కులం వాళ్ళని పంపారు, షీల్డు మళ్ళీ రాలేదు. ఎసోబుకి పోలీసు ఉద్యోగం రాలేదు. చచ్చేదాకా ఆ ఇంట్లోనే పాలేరుగా చేశాడు.